పదకొండో పేరు

పోయిన వారం యూనిస్‌ని వంటింట్లో, చేతిలో ఫోనుతో వదిలేశాం. అందులో వచ్చిన మెసేజ్ రెండే ముక్కలు: "రేపు వస్తున్నాను. మాట్లాడాలి." పంపింది డాక్టర్ విశ్వనాథం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు కాస్త వెనకటి సంగతి చెప్పాలి. నరసాపురం అమ్మాయి యూనిస్ జర్మనీకి రాకముందు కసోరా దేశంలో, సాంత్రా అనే ఊళ్ళో, ఒక విదేశీ సేవాసంస్థ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. అప్పుడక్కడ అంతర్యుద్ధం. ఆరేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం సైన్యం వార్డులోకి వచ్చి పదకొండు మంది పేషెంట్లను ఎత్తుకుపోయింది. వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. యుద్ధం ఆగి నాలుగేళ్ళయింది. అప్పటి రక్షణ మంత్రి బరేకా ఇప్పుడు ఆ దేశానికి అధ్యక్షుడు. ఆసుపత్రుల మీద పడ్డ కమాండర్లకు పదవులివ్వకూడదని పార్లమెంటు చట్టం చేస్తే, దాన్ని తోసిపారేసి అలాంటివాళ్ళను ముగ్గురిని గవర్నర్లుగా కూర్చోబెట్టాడు. సాంత్రా సంగతి పేపర్లో చదివేదాకా తనకు తెలియదని సభలో ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఇక ఆయన్ని అభిశంసించి దించెయ్యాలని పార్లమెంటు సిద్ధమైంది. ఆ రోజు కమాండర్ లుబాన్ చేతిలోని ఫోనులో వినిపించిన గొంతు బరేకాదేనని చెప్పగలిగిన మనిషి యూనిస్. సోమవారం పదకొండింటికి, ష్వైన్‌ఫర్ట్‌లో తన ఇంట్లో కూర్చుని, విచారణ సంఘం ముందు వీడియోలో సాక్ష్యం చెప్పాలి.

ఇప్పుడు ఆదివారం.

పొద్దున్నుంచి యూనిస్ ఒక్కచోట నిలవలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టింది. అవే విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ బయటికి తీసి అరలు తుడిచింది. వాక్యూమ్ క్లీనర్ ప్లగ్గు పెట్టబోతుంటే రూఫస్ వచ్చి వైరు పట్టుకున్నాడు.

"ఆదివారం ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు, యూనిస్. కిందాయన వచ్చి తలుపు కొడతాడు."

"మర్చిపోయానండి."

"కాసేపు కూర్చో."

కూర్చుంది. నిమిషం కూడా కాకుండా లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. బయట మార్చి వాన. బస్టాపులో ఎవరూ లేరు.

రూఫస్ బేరింగుల ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజినీరు. పాలకొల్లు మనిషి. ఏ విషయాన్నైనా రెండుసార్లు కొలిచిగానీ మాట్లాడడు. ఈ సాక్ష్యం సంగతి వచ్చినప్పటి నుంచి వారంలో మూడుసార్లు ఒకటే మాట అన్నాడు: "మన పౌరసత్వం ఫైలు ఆఫీసులో ఉంది. ఇప్పుడు మన పేరు పేపర్లకెక్కడం అవసరమా?" నాలుగోసారి అనలేదు. అనడం మానేశాడంటే ఒప్పుకున్నట్టు కాదని యూనిస్‌కి తెలుసు.

"డాక్టర్ గారు ఎందుకొస్తున్నారంటావ్?" అడిగాడు.

"ధైర్యం చెప్పడానికేమోనండి. రేపు పక్కన కూర్చుంటారేమో."

ఆమె నిజంగానే అలా నమ్మింది. నమ్మడానికి కారణాలున్నాయి. సాంత్రా మీద బాంబులు పడ్డప్పుడు భుజానికి తగిలిన ఇనపముక్కను తీసింది ఆయన. సరిహద్దు దాకా జీపు నడిపింది ఆయన. జర్మనీలో ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం రాసింది ఆయన. యూనిస్‌కి తండ్రి లేడు. నరసాపురం చర్చిలో పెళ్ళినాడు ఆమె చెయ్యి పట్టుకుని రూఫస్ దాకా నడిపించింది కూడా, విజయనగరం నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన ఈ విశ్వనాథమే. రిటైరయ్యాక కెమ్నిట్జ్‌లో కూతురు శ్రావ్య దగ్గర ఉంటున్నాడు.

మూడు రైళ్ళు మారి, రెండుంబావుకి వచ్చాడు. వాకిట్లో స్టూలు మీద కూర్చుని తడిసిన బూట్ల తాళ్ళు విప్పడానికే చాలాసేపు పట్టింది. మూడేళ్ళ షారోన్ పరుగున వచ్చి ఆయన జేబుల వంక చూసింది. ఎప్పుడొచ్చినా ఏదో ఒక చాక్లెట్టు ఉండేది. ఇవాళ లేదు. ఆయన పాప తల నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తాతయ్యకి వందనాలు చెప్పు," అంది యూనిస్.

"నైన్," అని జర్మన్‌లో వద్దనేసి షారోన్ తండ్రి కాళ్ళ వెనక దాక్కుంది.

"రూఫస్, బాబూ, పాపని ఒక అరగంట బయట తిప్పుకొస్తావా? అమ్మాయితో చిన్న మాటుంది."

రూఫస్ భార్య వంక చూశాడు. షారోన్‌కి రెయిన్‌కోటు తొడిగాడు. తలుపు మూసుకుంది.

"టీ పెట్టనా సార్?"

"ఏటీ వద్దమ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"రేపు నువ్వు మాట్లాడొద్దు," అన్నాడు విశ్వనాథం.

తప్పు విన్నాననుకుంది. "ఏంటి సార్?"

"మాట్లాడక తప్పదంటే గొంతు గుర్తులేదని చెప్పు. ఆరేళ్ళయింది, ఫోనులో విన్నది, ఎవరిదో చెప్పలేనను. ఎవరూ తప్పు పట్టరు. నీ ఉద్యోగం, నీ కుటుంబం, నీ బతుకు నీకుంటాయి."

"ఆ గొంతు నాకు గుర్తుంది సార్. అంతకు పదిరోజుల ముందేగా ఆ మంత్రి మన వార్డుకి వచ్చి మంచం మంచానికీ తిరిగాడు? నన్ను ఏ దేశం అని అడిగాడు. లుబాన్ ఫోనులో మంత్రిగారూ మంత్రిగారూ అంటూనే ఉన్నాడు. సిగ్నల్ లేదని కిటికీ దగ్గర స్పీకరు పెట్టి పట్టుకున్నాడు. మీరూ అక్కడే—"

"నేను ఎక్కడున్నానో నాకు తెలుసు."

అంత గట్టిగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. తానే ఉలిక్కిపడ్డట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత చొక్కా జేబులోంచి ఫోను తీసి, ఒక ఫొటో తెరిచి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"పోయిన మంగళవారం అధ్యక్షుడి లాయరు పంపాడు."

ఆసుపత్రి పేరున్న కాగితం. మంచం నంబర్లు, పక్కన పేర్లు. మొత్తం పదకొండు. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత. పేరు చివర అక్షరాన్ని కొంచెం పైకి లాగి వదిలే అలవాటు. యూనిస్ ఆ ఫోనుని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది. చూడనక్కర్లేదు. నరసాపురం నర్సింగ్ స్కూల్లో సిస్టర్ గారు వేళ్ళ మీద కొట్టి మరీ దిద్దించిన రాత అది.

"ఇది నేను రాసిందే," అంది. "ఆరోజు పొద్దున మీరు రాయమంటే రాశాను. వీళ్ళని రాజధానిలో పెద్దాసుపత్రికి పంపుతున్నాం అన్నారు. అంబులెన్సులు వస్తున్నాయన్నారు."

"అన్నాను."

"సైన్యం ఆ మంచాల దగ్గరికే వస్తే, కాగితం మీ దగ్గర బలవంతంగా లాక్కున్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇది వాళ్ళ చేతికెలా వెళ్ళింది?"

విశ్వనాథం కిటికీ వంక చూశాడు. వాన అద్దం మీద గీతలు గీతలుగా కారుతోంది.

"నేనే ఇచ్చాను."

వంటింట్లో ఫ్రిజ్ మోటారు ఆగింది. అంతవరకూ అది మోగుతున్నట్టే యూనిస్‌కి తెలియలేదు.

"ముందురోజు సాయంత్రం లుబాన్ నా గదికొచ్చాడు," అన్నాడాయన. ఇన్నేళ్ళుగా తనలో తాను చెప్పుకుంటూ అరిగిపోయిన మాటల్లా, తడుముకోకుండా వస్తున్నాయి. "ఉత్తరం పేట నుంచి వచ్చిన తిరుగుబాటుదార్లు పదకొండు మంది నీ ఆసుపత్రిలో ఉన్నారు, నాకు సమాచారం ఉంది, రేపు మధ్యాహ్నానికల్లా పేర్లియ్యి, లేకపోతే కొండ మీది ఫిరంగి ఇటు తిప్పుతానన్నాడు. అప్పుడు మన దగ్గర డెబ్బై మూడు మంది ఉన్నారమ్మా. పదహారు మంది పసిపిల్లలు. నువ్వున్నావు. నీ తోటి నర్సు మంగ ఉంది. నేనేం చెయ్యను? తెల్లారిందాకా కూర్చున్నాను. రాద్దామని పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది. ఎన్ని ఆపరేషన్లు చేశానో, ఎప్పుడూ వణకలేదు. అందుకని—"

"అందుకని నన్ను పిలిచారు."

"నీకు తెలియకపోతే నీ మీద పాపం ఉండదనుకున్నాను."

యూనిస్ బల్ల చుట్టూ నడిచింది. మళ్ళీ నడిచింది. ఆ చిన్న వంటింట్లో నాలుగడుగులు వేస్తే గోడ. ఆరేళ్ళుగా ఆమె ఒక బరువు మోసింది: సైనికులకు అడ్డంపడలేదే, అరవలేదే అని. అది ఎంత చిన్న బరువో ఇప్పుడు తెలుస్తోంది.

మళ్ళీ ఫోను తీసుకుంది. పేర్లు ఒక్కొక్కటీ చదివింది. చివరి పేరు దగ్గర ఆగింది.

"ఏడో మంచం. ఇలిన్."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"ఇలిన్ తిరుగుబాటుదారు కాదు సార్. బడి పంతులమ్మ. బడి కూలి కాలు విరిగింది. ఉత్తరం పేట కూడా కాదు, ఆవిడది నది అవతల. నాకు వాళ్ళ భాష నేర్పింది ఆవిడే. కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలని నా చేత మాటలు చెప్పించి, తప్పులు దిద్దేది. ఆవిడ ఎందుకుంది ఇందులో?"

"యూనిస్..."

"ఎందుకుంది సార్?"

"వాడు పదకొండు అడిగాడు," అన్నాడు విశ్వనాథం. "ఉన్నవాళ్ళు పదిమందే."

కొంతసేపు ఆమెకు ఆ వాక్యం అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున్నుంచి మొదటిసారిగా ఆమె కాళ్ళు కదలడం ఆగాయి.

"ఒకటి తగ్గితే దాచానంటాడు. ఎవరో ఒకర్ని... ఆవిడ కాలికి చీము పట్టింది. జ్వరం దిగడంలేదు. మందులు అయిపోయాయి. ఎలాగూ రెండు మూడు రోజులు మించి బతకదు. పసిపిల్లల్లో ఒకర్ని ఇవ్వలేను కదా. బతికేవాళ్ళని ఇవ్వలేను కదా. డాక్టరుగా ఆలోచించాను."

"ఆరోజు పొద్దున కట్టు నేనే మార్చాను," అంది యూనిస్ నెమ్మదిగా. "చీము తగ్గింది. తెల్లవారుజామున జ్వరం దిగింది. చార్టులో రాశాను. ఆవిడ ఆకలేస్తోందని అడిగితే గంజి తెచ్చిచ్చాను. మీరు చార్టు చూడలేదా సార్?"

డెబ్బై ఏళ్ళ మనిషి ముఖం చూస్తుండగా మారిపోయింది. ఆయనకు ఆ సంగతి ఇప్పుడే, ఈ వంటింట్లోనే తెలిసింది. ఆరేళ్ళూ ఆయన పట్టుకు వేలాడుతున్న ఒక్క ఆసరా అదేనని యూనిస్‌కి అర్థమైంది. దాన్ని తన చేతులతోనే తెంపేసింది. జాలి వేసింది. కోపమూ తగ్గలేదు.

"రేపు నువ్వు నోరు తెరిస్తే ఈ కాగితం బయటపెడతారు," అన్నాడాయన చివరికి, నేల చూస్తూ. "ఆసుపత్రివాళ్ళే అప్పగించారు, సైన్యం తీసుకెళ్ళిందంతే అంటారు. రాత నీది. నన్ను సరే, ముసలాణ్ణి. నిన్ను నర్సుగా ఎవరు ఉంచుతారు? ఈ దేశం ఉంచుతుందా? షారోన్ సంగతి ఆలోచించు."

తలుపు తాళం తిరిగింది. షారోన్ తడిసిన చేతులతో పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో తలపెట్టింది. రూఫస్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

విశ్వనాథం లేచాడు. బూట్లు తొడుక్కున్నాడు. తాళ్ళు కట్టుకోలేదు. స్టేషనుకు దింపుతానని రూఫస్ అంటే వద్దన్నాడు. వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "నేను చెప్పాల్సింది చెప్పాను తల్లీ," అన్నాడు. యూనిస్ లేవలేదు. ఆయన్ని గుమ్మం దాకా సాగనంపకపోవడం అదే మొదటిసారి.

పాప కార్టూన్ చూస్తుండగా, యూనిస్ రూఫస్‌కి అంతా చెప్పింది. దేన్నీ దాచలేదు. అతను వింటూ తడి టోపీని చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు.

"నీకు తెలియక రాశావు," అన్నాడు.

"తెలియక రాశానండి. ఇప్పుడు తెలిసి నోరుమూసుకుంటే?"

రూఫస్ టోపీని బల్ల మీద పెట్టాడు. "నాకు భయంగా ఉంది యూనిస్," అన్నాడు. "వద్దని నేను అనను. చెప్పమనీ అనలేను. అంతవరకే నా చేతనవుతుంది."

"ఆ మాత్రం చాలండి," అంది.

సోమవారం పాపని కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, దింపి రూఫస్ తిరిగొచ్చేసరికి యూనిస్ చర్చికి కట్టుకునే నీలంరంగు చీరలో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. లేచి మంచినీళ్ళు తెచ్చుకుంది. తాగకుండా మళ్ళీ వంటింట్లో పెట్టొచ్చింది. రూఫస్ తలుపు దగ్గర, కెమెరాకు కనబడకుండా నిలబడ్డాడు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. ఏ కారణం చెప్పాడో ఆమె అడగలేదు.

పదకొండయింది. తెర మీద కసోరా పార్లమెంటు భవనంలో ఒక పొడవాటి గది. గుర్రపునాడా ఆకారపు బల్ల చుట్టూ పంతొమ్మిది మంది సభ్యులు. మధ్యలో విచారణ సంఘం అధ్యక్షురాలు సెలెస్తా మోరు, నెరిసిన జుట్టు, ఒకప్పుడు జడ్జి. ఒక పక్కగా బరేకా లాయరు, నవ్వుముఖం మనిషి. అతని ముందు ఒక సన్నని ఫైలు.

ప్రమాణం అయింది. యూనిస్ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆసుపత్రి, తేదీ, మధ్యాహ్నం వేళ, వార్డులోకి వచ్చిన బూట్లు.

"ఫోనులో గొంతు ఏమంది?" అడిగింది సెలెస్తా మోరు.

యూనిస్ ఇంగ్లీషు ఆపేసింది. కసోరా భాషలో, తాను విన్నది విన్నట్టు, ఆ గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ చెప్పింది. ఎవరి కంటా పడకుండా పట్టుకెళ్ళండి, ఆ విదేశీ నర్సులకు మన మాట తెలియదులే అని దాని అర్థం. గదిలో కలకలం రేగింది. ఇద్దరు సభ్యులు లేచి నిలబడ్డారు. సెలెస్తా మోరు బల్ల మీద చేత్తో కొట్టి అందరినీ కూర్చోబెట్టింది.

"ఈ భాష మీకెవరు నేర్పారు?"

"ఇలిన్ అనే పంతులమ్మ. ఏడో మంచం. పదకొండు మందిలో ఆవిడా ఉంది." లాయరు ఫైలు తెరవబోవడం కనిపించింది. యూనిస్ చెయ్యి ఎత్తింది. "అమ్మా, ఆయన అడగకముందే నేను ఒకటి చెప్పాలి. ఆ పదకొండు మంది పేర్లున్న కాగితం రాసింది నేను. ఆ రాత నాది. పెద్దాసుపత్రికి పంపుతున్నారనుకుని రాశాను. దాన్ని సైన్యానికి ఇచ్చారని నాకు నిన్నటిదాకా తెలియదు. తెలియకపోయినా రాసింది నేనే. దాన్ని కూడా ఈ సాక్ష్యంలో రాసుకోండి."

తలుపు దగ్గర రూఫస్ చెక్క పట్టుకున్నాడు. లాయరు చెయ్యి ఫైలు మీద అలాగే ఉండిపోయింది. ఆ ఒక్క నిమిషం యూనిస్‌కి ఒళ్ళంతా చల్లబడి, తేలికైనట్టనిపించింది.

"రాయమని మీకు చెప్పింది ఎవరు?" సెలెస్తా మోరు చాలా మెల్లగా అడిగింది.

పెళ్ళినాడు తన చెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతి వెచ్చదనం కూడా.

"డాక్టర్ విశ్వనాథం," అంది.

లాయరు ఫైలు తెరవకుండానే పక్కకు జరిపాడు. ఆ మనిషి కంగారుపడలేదు. పైగా మళ్ళీ నవ్వుముఖంతోనే లేచాడు.

"అధ్యక్షురాలు అనుమతిస్తే, సాక్షి ఇప్పుడు చెప్పిన ఆ పెద్దమనిషినే మా తరఫు సాక్షిగా పిలుస్తాం. సిద్ధంగా ఉన్నారు."

తెర మీద కుడిపక్కన ఇంకో చిన్న చదరం తెరుచుకుంది. ముందు ఒక తెల్లగోడ. తరవాత ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు. విశ్వనాథం వచ్చి కూర్చున్నాడు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. గడ్డం గీసుకోలేదు. కెమ్నిట్జ్‌లో కూతురి ఇల్లు కాదది. యూనిస్‌కి ఆ ఇల్లు తెలుసు. ఎవరో ఆయన్ని ఎక్కడికో తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

ఆయన ప్రమాణం చేశాడు. ఆమె వైపు చూడలేదు.

"డాక్టర్ గారూ," అన్నాడు లాయరు, "ఒకే ఒక్క ప్రశ్న. ఆ మధ్యాహ్నం కమాండర్ లుబాన్ వార్డు కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు మీరు అతనికి రెండడుగుల దూరంలో ఉన్నారు. అవునా?"

"అవును."

"అయితే చెప్పండి. ఈ నర్సు విన్నానంటున్న ఫోను, అసలు వచ్చిందా?"

పంతొమ్మిది ముఖాలు ఆయన వైపు తిరిగాయి. రూఫస్ కెమెరా సంగతి మరిచి యూనిస్ పక్కకొచ్చి నిలబడ్డాడు. విశ్వనాథం తలెత్తి, ఇప్పుడు మొదటిసారిగా, తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాడు.